తల వంచే దయ్యం

తెర వెనక పట్టీలు ఊడదీసి మళ్ళీ బిగిస్తున్న చప్పుడు, చర్రు చర్రున. ఆ తర్వాతే ఉబుకాతా తోకుజి బయటికొస్తాడు. నల్లటి బిగుతు దుస్తులు, వాటినిండా వెండి గోళీలు. చుక్కలు మొలిచిన ముసలి చీకటిలా ఉంటాడు. వయసంతా నాటకాల్లో కత్తివేటు తిని పడిపోవడంతోనే గడిచింది. అరవై దాటాక టోక్యో శివార్లలోని ఈ స్టూడియోలో, కంప్యూటర్ ఆటలో దయ్యమయ్యాడు.

చుట్టూ ఉన్న కెమెరాలకి ఆయన ముఖంతో పనిలేదు. గోళీల కదలిక చాలు; అదే ఆటలో దయ్యం కదలికవుతుంది. ఆయన వేసిన అడుగుల్ని ముక్కలు చేసి, ఆయన ఎన్నడూ వేయని అడుగుల్ని కంప్యూటర్లో కుట్టడం మినాగావా షియోరి పని. కుట్టు బాగానే కుదిరింది. ఒకటే తంటా: మనిషిని నమిలి మింగాక, దయ్యం ఎముకల ముందు వినయంగా తల వంచుతోంది. ఆ వంపు కత్తిరిస్తే పంజా ఊపు కూడా సగంలో తెగిపోతోంది.

"ఎంత మర్యాదస్థుల ఇంటి దయ్యమో!" అన్నాడు దర్శకుడు, నవ్వకుండా. "సాయంత్రానికి ఈ వంపు పోవాలి. లేకపోతే ఎవరైనా కుర్రాణ్ణి పెట్టి మొదట్నుంచీ తీద్దాం."

షియోరి ముసలాయన దగ్గరికి పరిగెత్తింది. "ఉబుకాతా గారూ, ఈసారి తల వంచకండి."

"నేనా? ఎప్పుడు వంచాను?"

"ప్రతిసారీనండీ."

"నాకంటే నా మెడకి మర్యాదెక్కువ, అమ్మాయ్."

మళ్ళీ తీశారు. పంజా విసిరాడు, తల వంచాడు. ఇంకోసారి పట్టుబట్టి మెడ బిగించాడు. నిద్రలో మెడ పట్టేసిన దయ్యం తయారైంది.

దిగులుగా పాత ముక్కల్ని ధ్వనితో సహా వేసి చూసింది షియోరి. ప్రతి దాంట్లోనూ పంజా ఇంకా గాల్లో ఉండగానే ఒక తీయని గొంతు: "శ్రమపడ్డారండీ!" ఆ గొంతు తనదే. పని ముగిస్తే ఇక్కడ ఎవరూ ఆ మాట అనకుండా ఉండలేరు; ఆ మాట వింటే ఏ మెడా నిటారుగా నిలవదు.

చివరిసారి. పంజా దిగింది. ఆ మాట షియోరి పెదవి దాకా వచ్చింది, కొరికి ఆపుకుంది. తోటివాళ్ళు ఆమెవైపు పెంకిపిల్లని చూసినట్టు చూశారు. ఆ నిశ్శబ్దంలో ముసలాయన ఎటు పోవాలో తెలియక, రొప్పుతూ, మెల్లగా అందరినీ కలియజూశాడు. కంప్యూటర్ తెరమీద దయ్యం అలాగే తల తిప్పుతూ, తినడానికి ఇంకో మనిషి కోసం వెతికింది.

దర్శకుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఈయన్నే ఉంచండి."

కెమెరాలు ఆగాక షియోరి నడుం దాకా వంగింది. "చాలా శ్రమపడ్డారండీ."

ఆయన అంతకంటే కిందికి వంగాడు. "హమ్మయ్య, అన్నావు! ఇంకాస్త ఆలస్యమైతే దయ్యంలాగే ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి తినేసేవాణ్ణి, అమ్మాయ్."