చింతపిక్కల లెక్క

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే ఫోన్లో మెసేజి వచ్చింది. మా గోల్ఫు గుంపు కుర్రాళ్ళు (కుర్రాళ్ళంటే నలభై దాటినవాళ్ళే లెండి, నా వయసుకి వాళ్ళు కుర్రాళ్ళు) ఈ ఏడు మళ్ళీ ఊరు దాటి ట్రిప్పు వేస్తున్నారట. నేను ఆడక్కర్లేదట, కూర్చుని అందరి స్కోరు కార్డులూ చూసిపెడితే చాలట. "మీరైతే ఎవరికీ మొహమాటపడరు అంకుల్, సొంతవాళ్ళని కూడా వదల్లేదని పేరుంది కదా" అని రాసి, కింద ఒక నవ్వుమొహం బొమ్మ. గ్లాసు కింద పెట్టేశాను. ఇరవై ఏళ్ళు దాటింది, ఆ పేరు ఇంకా నన్ను వదల్లేదన్నమాట. మా ఆవిడ ఏమైందని అడిగితే కాఫీ చల్లారిపోయిందన్నాను.

అసలు మా ఇంటావంటా గోల్ఫేమిటి చెప్పండి. శ్రీకాకుళం దగ్గర పల్లెలో గూటీబిళ్ళ ఆడుకుని, ఇంటరు తప్పి, రచ్చబండల మీద కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్న నన్ను చెవి పట్టుకుని సికింద్రాబాదు తెచ్చినవాడు మా పెద్దబావ. అక్కకీ నాకూ పద్దెనిమిదేళ్ళ తేడా. బావకి రైల్వేలో ఉద్యోగం, మౌలాలి క్వార్టర్సులో కాపురం. వాళ్ళకి పిల్లల్లేరు, నేనే వాళ్ళ పిల్లాణ్ణి. పొద్దున్నే లేపి లెక్కలు చెప్పేవాడు, తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, "ఇంకోసారి చూసుకోరా" అనేవాడు, అంతే. ఆ "ఇంకోసారి చూసుకోరా" మీదే నేను డిగ్రీ పాసయ్యాను, కంప్యూటర్లు నేర్చుకున్నాను, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకున్నాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతూ మాకు పని ఇస్తున్న రోజులవి. అమెరికా క్లయింట్లు గోల్ఫు మైదానంలోనే మనసు విప్పి మాట్లాడతారని ఎవరో అన్నారు, దాంతో మా మేనేజర్లంతా కర్రలు కొనుక్కుని మైదానం మీద పడ్డారు. నేనూ కొనుక్కున్నాను. తీరా చూస్తే మా బావ ఆ సరికి పదేళ్ళనుంచీ ఆడుతున్నాడు, రైల్వే పెద్దాఫీసర్లతో. రిటైరై మారేడ్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాక ఆదివారం ఆదివారం నన్ను స్కూటర్ వెనకాల కూర్చోబెట్టుకుని కంటోన్మెంటు వైపు మైదానానికి తీసుకెళ్ళేవాడు. అమెరికావాడు మనసు విప్పాడో లేదో గానీ, ఆ పచ్చగడ్డి మీద నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది.

ఆ ఆదివారం గుంపులో పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. జనరల్ బజార్లో బట్టల కొట్టున్న పెద్దమనిషి మా ప్రెసిడెంటు. ఆటకంటే ఆట తర్వాత తిండికే ఎక్కువ వచ్చేవాళ్ళం, అబద్ధమెందుకు. ఏడాదికోసారి పెద్ద పోటీ. గెలిచినవాడికి మా అక్క ఇచ్చిన ఇత్తడి చెంబు. అందులో మజ్జిగ పోసి తాగించేవాళ్ళం, అంటే, మజ్జిగ అని ఆడవాళ్ళకి చెప్పేవాళ్ళం. ఆఖరున మిగిలినవాడు భుజాన తువ్వాలు వేసుకుని ఆ పూట అందరికీ భోజనం వడ్డించాలి. తువ్వాలు వేసుకున్నవాడి మీద ఎన్ని జోకులైనా వేయొచ్చు, వాడు నోరెత్తకూడదు. ఒకసారి నా భుజానికీ ఎక్కింది, వాళ్ళు నన్ను పెట్టిన హింస ఇంతా అంతా కాదు.

గోల్ఫు తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. పద్దెనిమిది గుంతలు, తక్కువ దెబ్బల్లో బంతిని అన్నిట్లోనూ వేసినవాడు గెలిచినట్టు. అంపైరుండడు. ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కపెట్టుకుని చెప్పాలి, పక్కన ఆడేవాడు కార్డు మీద రాస్తాడు, ఆఖర్న ఇద్దరూ సంతకం పెడతారు. మొత్తం నోటిమాట మీద నడిచే ఆట. అందుకే తాగి గొడవ చేసినవాణ్ణయినా మర్నాటికి క్షమించేవాళ్ళం గానీ, దెబ్బలు తగ్గించి చెప్పినవాణ్ణి క్షమించేవాళ్ళం కాదు.

ఆ ఏడు పోటీ వైజాగులో పెట్టుకున్నాం. బావ చదువుకున్న ఊరు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, నేను రచ్చ గెలిచి ఇంటికెళ్తున్నానురా అని నెల్లాళ్ళు మురిసిపోయాడు. ఏర్పాట్లన్నీ నావే. బయల్దేరే రోజు మారేడ్‌పల్లి వెళితే అక్క వంటింట్లో పులిహోర పొట్లాలు కడుతోంది. కట్టి, ఒక చిన్న గుడ్డసంచిలో గుప్పెడు చింతపిక్కలు పోసి బావ బ్యాగులో పెట్టింది. "ఇదేంటే, రైల్లో అష్టాచెమ్మా ఆడతాడా?" అన్నాను. దెబ్బకొక పిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చుకుంటారట, గుంత అయిపోగానే మళ్ళీ ఎడమ జేబులో వేసుకుంటారట, లెక్క తేలిగ్గా ఉంటుందట. అని, బ్యాగు జిప్పు లాగుతూ, "ఒరే, మైదానంలో ఆయన బ్యాగు మోసే అన్నని కూడా మీతో తీసుకెళ్ళరాదూ?" అంది. "వైజాగులో మోసేవాళ్ళు కరువా? ఇక్కణ్ణుంచి మోసేవాణ్ణి కూడా మోసుకెళ్ళాలా?" అన్నాను. "పోనీ, నీ పక్కనే ఆడించుకో. కాస్త కనిపెట్టుకునుండు" అంది. నేను పగలబడి నవ్వాను. "పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు అప్పగిస్తున్నావేంటే!" అక్క నవ్వలేదు. నాకదీ పట్టలేదు.

రెండో రోజు ఆట, బావ కార్డు రాసేది నేనే. పన్నెండో గుంత దగ్గర బావ బంతి జీడితోటలోకి పోయింది. ఒక దెబ్బకి రాలేదు, ఇంకో దెబ్బకి చెట్టుకి తగిలి వెనక్కొచ్చింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఎనిమిది. "ఎన్ని బావా?" అన్నాను. కుడి జేబులో చెయ్యి పెట్టి తడుముకుని, "ఆరు" అన్నాడు. "ఇంకోసారి చూసుకోండి." మళ్ళీ తడుముకున్నాడు. "ఆరేరా." ఆరే రాశాను, లోపల మాత్రం మండిపోతోంది. పదిహేనో గుంత దగ్గర ఏడు కొట్టి ఐదన్నాడు. నేను చూస్తుండగానే! కార్డు కూడి చూస్తే ఆయన చెప్పిన లెక్కన ఆయన నాకంటే రెండు ముందు, నేను చూసిన లెక్కన నేను రెండు ముందు. వేరే రోజైతే వదిలేసేవాణ్ణేమో. ఆ రోజు చెంబు నా చేతికందేంత దూరంలో ఉంది. ఇది చెప్పకుండా మిగతాదంతా చెబితే మళ్ళీ దొంగ లెక్కే అవుతుంది.

మధ్యాహ్నం వరండాలో ప్రెసిడెంటు కార్డులు తీసుకుంటున్నాడు. బావ చిన్ననాటి స్నేహితులు ముగ్గురు ఆయన్ని చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. నేను కార్డు బల్లమీద పడేసి, "దీని మీద నేను సంతకం పెట్టను. ఇది దొంగ లెక్క" అన్నాను. "జానేదో భాయ్, ఆటనే గదా" అన్నాడు ప్రెసిడెంటు. "ఆటే కదా అంటే ఇక కార్డులెందుకండీ?" అన్నాను. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. బావ మెల్లిగా కుడి జేబులోంచి చింతపిక్కలు తీసి బల్లమీద పోసి వేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాడు. మధ్యలో ఆగాడు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "పన్నెండులో నేనెన్నన్నాను?" అని అడిగాడు. అప్పుడు తలెత్తి ప్రెసిడెంటుతో, "మావాడు అబద్ధమాడడండీ. వాడు చూసిందే రాసుకోండి" అన్నాడు.

లెక్క తప్పు చెప్పినవాడి కార్డు కొట్టేయడం మా నియమం, కార్డు కొట్టేస్తే ఆఖరు స్థానమే కదా. సాయంత్రం గెస్టుహౌసులో తువ్వాలు బావ భుజానికెక్కింది. ఎవరూ అడక్కుండానే తనే తీసి వేసుకున్నాడు. విస్తళ్ళు వేశారు, చెంబు నా ముందుంది. బావ నాకు పప్పు వడ్డించి వెళ్ళాడు. రెండు నిమిషాలు కాలేదు, తిరిగొచ్చి "ఏటిరా, నీకు పప్పెయ్యలేదే" అని ఇంకో గరిటెడు వేశాడు. మూడోసారి కూడా గిన్నె పట్టుకుని నా విస్తరి దగ్గరికే వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది, దెప్పుతున్నాడనుకున్నాను. "చాలు బావా నాటకాలు! వడ్డనలో కూడా దొంగ లెక్కేనా?" అన్నాను. అంతా ఘొల్లుమన్నారు. బావ కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియనట్టు.

తిరిగొచ్చాక బావ మైదానానికి రావడం మానేశాడు. తప్పు చేసినవాడు మొహం చూపిస్తాడా అనుకున్నారు అంతా, నేనూ అనుకున్నాను. మూడో ఆదివారం ఆయన బ్యాగు మోసే అన్న నా దగ్గరికొచ్చి, పెద్దసారు ఎందుకొస్తలేరని అడిగాడు. జరిగింది చెప్పాను, అదీ కాస్త దర్జాగానే. అన్న మొహం మాడిపోయింది. "గట్లెట్లంటరు సార్? దొంగతనం గాదు సార్ అది. ఏడాది సంది సార్‌కు లెక్క యాదికుంటలేదు. గిది నాలుగోది సార్, గిది అయిదోది సార్ అని నేనే చెవుల జెప్తుంటి. అమ్మగారు నాకు జెప్పి పెట్టిన్రు. మీకు ఎర్కలేదా?" అన్నాడు. తర్వాత, "నన్ను సుత తోల్కపోతే గింత తక్లీఫ్ కాకపోవు" అన్నాడు.

మారేడ్‌పల్లి ఎలా వెళ్ళానో తెలియదు. అక్క వాకిట్లో కూర్చుని ఉంది. "నాకెందుకు చెప్పలేదే?" అని అరిచాను, తప్పు తనదైనట్టు. "ఒట్టు పెట్టించుకున్నారురా. ఎవరికైనా చెప్పు గానీ వాడికి మాత్రం చెప్పకు, వాడికి లెక్కలు చెప్పినవాణ్ణి, వాడి ముందు చులకనైపోతాను అన్నారు" అంది. నన్ను మాత్రం తిట్టలేదు. తిడితే బాగుండేది. "సొంత కొడుకుంటే ఇంకోసారి చూసుకోమని పక్కకి పిలిచి చెప్పేవాడేమో" అంది, అంతే. నేను చెప్పాను కదే, ఇంకోసారి చూసుకోమన్నాను కదే అనబోయి, ఎలా అన్నానో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ప్రతి ఆదివారం ఆయన దగ్గరికే వెళ్ళేవాణ్ణి. గుంపులో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి సంగతి చెప్పుకున్నాను. పాపం అన్నారు, రెండుసార్లు వచ్చి చూశారు. జనానికి దొంగ లెక్క కథ నోరు తిరిగినంతగా జబ్బు కథ తిరగదు. బావ ఇంకో ఆరేళ్ళు బతికాడు. మొదట వీధులు మరిచిపోయాడు, తర్వాత మనుషుల్ని. అక్కని "అమ్మా" అనేవాడు. నన్ను ఒకసారి స్టేషన్ మాస్టరన్నాడు, ఇంకోసారి తన మేనమామన్నాడు. ఎవరనుకున్నా సరే, నేను గడప దాటి లోపలికి రాగానే మాత్రం లేచి నిలబడేవాడు. రెండు జేబులూ తిరగేసి బయటికి లాగి చూపించేవాడు. "చూసుకోండి బాబూ, ఏటీ దాచలేదు. లెక్క సరిగ్గానే ఉంది" అనేవాడు. ఇంకెవరొచ్చినా అలా చేసేవాడు కాదని అక్క చెప్పింది. ఒకసారి చెంబు పట్టుకెళ్ళి చేతుల్లో పెట్టి, "మీరే గెలిచారు బావా, మీదే ఇది" అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా నా చేతికే ఇచ్చేశాడు. "మాది కాదు బాబూ. మళ్ళీ మాటొస్తాది" అన్నాడు.

ఆ చెంబు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ తోముతుంది, నేను ముట్టుకోను. కుర్రాళ్ళకి మధ్యాహ్నం జవాబు రాశాను, నేను రానని, కార్డులు మీరే చూసుకోండని, ఎవరి లెక్కయినా తప్పితే పక్కకి పిలిచి అడగండని. సరే అంకుల్ అని మళ్ళీ ఒక నవ్వుబొమ్మ పెట్టారు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. మా బావ విషయంలో ఆ మాట నిలబెట్టుకుంది. ఊరూ పేరూ, పెళ్ళాం మొహం, చివరికి తనెవరో కూడా మరిపించింది, నేనన్న ఆ ఒక్క మాట తప్ప.