రాముడి కాగితం అంటించిన కేసెట్

ఆ కేసెట్ నాది. బస్సులో పోలీసులు అడిగినప్పుడు నేను చెప్పని మాట ఇదే. ఖమ్మంలో ఇప్పటికీ కొందరు అది నా స్నేహితుడిదని, అతడికి అడవిలోని అన్నలతో సంబంధం ఉండేదని అంటుంటారు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల్లో అతడి తండ్రికి రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. సికింద్రాబాద్ నుంచి నేను తెచ్చుకున్న ఆ కేసెట్‌ను అక్కడే వినేవాళ్లం. పంక్ అనే మొరటు రాక్ పాటలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో పేరు తెచ్చుకున్న విదేశీ బృందం అది. దాని గిటారిస్టు శ్రుతి చూసుకోకుండానే మొదలుపెట్టినట్టు వాయించేవాడు. బ్రేకులు పోయిన లారీ ఘాట్ దిగుతున్నట్టుండేది. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు.

"వీడు వాయిస్తుండా, గిటార్‌తోటి కొట్లాడుతుండా?" అని నా స్నేహితుడు నవ్వేవాడు.

మా నాన్న కంట పడకుండా దానికి భద్రాద్రి రాముడి కీర్తనల కాగితం అంటించాను. అడవిలోవాళ్లు కూడా తమ పాటలను దేవుడి బొమ్మల చాటునే పంపుతారని అప్పటికి నాకు తెలియదు.

బాగుచేసిన టేప్‌రికార్డర్ ఒకటి ఇవ్వడానికి అతడు భద్రాచలం బయల్దేరితే తోడు వెళ్లాను. కేసెట్ అతడి సంచిలో ఉంది. బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. ఎస్సై ఆ టేప్‌రికార్డర్‌లోనే కేసెట్ పెట్టి నొక్కాడు. గిటార్ ఒక్కసారిగా మీద పడింది. వెంటనే అరుపులు.

"సీతమ్మను ఎత్తుకపోయినప్పుడు గూడ రాముడు గింత మొత్తుకోలే," అన్నాడు కానిస్టేబుల్. బస్సులో ఎవరూ నవ్వలేదు.

ఎస్సై పేరు అడిగాడు. నా స్నేహితుడు చెప్పాడు.

"సాయిబుకు రాముని కీర్తనలేందిరా? ఎవడిచ్చిండు?"

అతడు నా వైపు చూడలేదు. ఆ రోజుల్లో పోలీసు జీపెక్కినవాళ్లలో కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు. నేను కిటికీ వైపు తిరిగాను.

"నాదే సార్," అన్నాడతడు.

అతణ్ని జీపెక్కించారు. బస్సు కదిలింది. నేను దిగలేదు.

భద్రాచలంలో మా మేనమామ ఇంట్లో, జీపు చప్పుడైతే చాలు పెరట్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. భయం ముందు నాకోసమే. వాళ్ల నాన్న కొడుకు కోసం తెలిసిన గడపలన్నీ ఎక్కుతున్నాడని విని కూడా కదల్లేదు. కొన్నాళ్లకు అతణ్ని వదిలారు. కుంటుతూ వచ్చాడు. నా పేరు మాత్రం బయటపెట్టలేదు. తర్వాత దుకాణానికి గిరాకీ పడిపోయింది. అన్నల మనిషికి రేడియో ఇచ్చి చిక్కుల్లో పడటమెందుకని జనం జంకారు.

తొంభైల్లో ఒకరోజు ఇంగ్లీషు పేపర్లో ఓ మూల చిన్న వార్త కనిపించింది. ఆ గిటారిస్టు చనిపోయాడు. పేపరు పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"మన గిటారాయన పోయిండ్రా."

"అవ్? ఎంత వయసు?"

"నలభై గూడ లేవంట."

అతడు ఫొటోను చాలాసేపు చూశాడు. "గట్ల వాయించెటోడు ఎన్ని రోజులుంటడు," అన్నాడు మెల్లగా.

లోపల వాళ్ల నాన్న ఉన్నాడు. బల్ల ముందు ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు.

"చాచా," అన్నాను అందరికీ వినపడేలా. "ఆ కేసెట్ నాది. రాముని కాగితం అంటించింది గూడ నేనే. మీవాడు నా పేరు దాచిండు. నేను భయపడి నోరు తెరవలే. ఇద్దరూ నన్ను మాఫ్ చెయ్యండి."