నెట్‌వర్క్‌లో నాన్న మిల్లు

స్టీలు కంపెనీలో నాన్న పనిచేసే మూడో నంబరు మిల్లు మూతపడ్డాక ఆయన్ని ముందుగానే రిటైర్ చేసి ఇంటికి పంపేశారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అగ్రికోలో కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి భుయ్యాడీహ్‌లో రెండు గదుల అద్దె ఇంటికి మారాం. అక్కడికి కూడా పొద్దున్నే కంపెనీ షిఫ్టు సైరన్ వినబడేది. అది మోగగానే నాన్న లేచి కూర్చునేవారు. కూర్చునేవారంతే. గడ్డం మాసినా పట్టించుకోరు, ఎవరు పలకరించినా ఊఁ, ఆఁ. నాకు ఒళ్ళు మండిపోయేది. మనిషి అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే జాలి కంటే ముందు కోపం వస్తుంది నాకు. ఇప్పటికీ అంతే.

ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. లోపలి గదిలో నా కాలేజీ చదువు కోసం కొన్నది ఒకటి. మావయ్య బదిలీ మీద వెళ్తూ ప్రింటరుతో సహా మాకిచ్చేసిన పాతది ముందు గదిలో, నాన్న కుర్చీ పక్కన. నా ప్రాజెక్టు రిపోర్టేమో లోపల, ప్రింటరేమో బయట. ఫ్లాపీలో ఎక్కించి తెస్తే సగం సార్లు తెరుచుకునేదే కాదు. "రెండింటికీ కేబుల్ వేస్తే లోపల్నుంచే ప్రింట్ కొట్టొచ్చట" అని ఓరోజు భోజనాల దగ్గర అమ్మతో అన్నాను.

నాన్న తలెత్తారు. "ఏటి కలపాలి? ఎలాగ?"

ఆయనంతట ఆయన నోరు విప్పి ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో! నేను చెప్పాను. మర్నాడే సాక్చీ బజారుకి వెళ్ళి నెట్‌వర్క్ కార్డులూ, కేబులూ కొనుక్కొచ్చారు. గోడ వెంట క్లిప్పులు కొట్టి కేబుల్‌ని ఎంత తిన్నగా వేశారంటే మా ఇంటి గోడే వంకరగా కనబడింది. అంతటితో ఆగితే బాగుండేది. రెండు స్విచ్చులకీ అట్టముక్కలు కట్టి, మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వెయ్యొద్దని హిందీలో రాశారు. మిల్లులో మెషీను రిపేరు చేసేటప్పుడు అలాగే కట్టేవారట. నాకు రిపోర్టు గడువు దగ్గరపడుతోంది, ఆయన నా కంప్యూటరు ముట్టుకోనివ్వరు!

"పాపా, యే కంప్యూటర్ హై, క్రేన్ నహీ" అని కసిరాను. ఆయన తెలుగులో మాట్లాడితే, కోపమొచ్చినప్పుడు నేను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

"కంప్యూటరో, క్రేనో కరెంటుకేటి తెలుసమ్మా" అని తన పని తాను చేసుకున్నారు.

తీరా అట్టలు విప్పి స్విచ్ వేస్తే కార్డు వెనక లైటే రాలేదు. మిల్లు అలవాటు కొద్దీ ఆయన తీగలు రెండు చివర్లా ఒకే వరసలో బిగించారు. కంప్యూటర్ని నేరుగా కంప్యూటర్‌కే కలిపేటప్పుడు ఒక చివర కొన్ని తీగలు అటూ ఇటూ మార్చాలని నా పుస్తకంలో ఉంది. చదివి వినిపించాను. ఆ చివర కత్తిరించేసి మళ్ళీ బిగించారు. పచ్చలైటు వెలిగింది. అయినా నా తెరమీద ఆయన కంప్యూటర్ జాడ లేదు, ఆయన తెరమీద నాది లేదు. ఇంక నా వల్ల కాదు, ప్రింటర్నే ఎత్తుకెళ్ళి లోపల పెట్టుకుంటానని లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ప్రింటరు మోసుకెల్లడం నాకు తెలీదేటే? సాక్చీలో షాపుకెల్తే ఇట్టే కొట్టిత్తారు, అదీ తెలుసు. పొద్దున్న మీ నాన్న గెడ్డం గీసుకున్నారు, చూసేవా? ఆయన్ని చెయ్యనీ" అంది గొంతు తగ్గించి.

నేను చూడలేదు. వెళ్ళి చూస్తే నిజమే, నున్నగా గీసుకుని ఉన్నారు.

నోరు మూసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. "మొదట్నుంచీ ఒక్కొక్క జాయింటే చూసుకుంటూ రావాల" అన్నారు. ఒక్కొక్క సెట్టింగూ తెరిచి పైకి చదువుతూ వచ్చాను. అడ్రసులు సరిపోయాయి. ప్రింటర్ షేరింగ్ పెట్టే ఉంది. ఆ తర్వాత వర్క్‌గ్రూప్ పేరు వచ్చింది. అది రెండింట్లోనూ ఒకటే ఉండాలి. నా దాంట్లో మొదట్నుంచీ ఉన్న పేరే ఉంది. ఆయన దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో, మిల్ త్రీ.

"ఇదేంటి నాన్నా?"

"ఏ గ్రూపని అడిగింది. రాసేను."

"ఇదే తప్పు. మార్చాలి" అనేశాను. నాన్న కాసేపు ఆ అక్షరాలకేసి చూశారు. తర్వాత కీబోర్డు నా వైపు జరిపారు.

"మార్చీయమ్మా. ఆ మిల్లు ఎలాగా నేదు కదా."

కీబోర్డు మళ్ళీ ఆయన వైపే జరిపాను. "ఉండనీ నాన్నా, నాదే మారుస్తా" అన్నాను. లోపలికెళ్ళి నా కంప్యూటర్లో మిల్ త్రీ అని కొట్టి, ఆపి మళ్ళీ వేశాను. అది తెరుచుకునేసరికి రెండు కంప్యూటర్ల పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రింట్ కొట్టాను. ముందు గదిలో ప్రింటరు కరకరలాడింది.

"చాలూ అయిందే! మిల్లు చాలూ అయిపోనాది!" ఆగిన మెషీను మళ్ళీ నడిస్తే మిల్లులో 'చాలూ' అనేవారట. నాన్న అరుపుకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చి ఉంటారు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి కాగితం రెండు చేతులా పట్టుకుని నవ్వుతున్నారు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఈ సంగతి ఆనోటా ఈనోటా పక్క వీధికి చేరింది. అక్కడ ట్యూషన్లు చెప్పుకునే మాస్టారికీ ఇదే గొడవట, కాస్త చూసిపెట్టమని కబురు చేశారు. మర్నాడు పొద్దున్న నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కటింగ్ ప్లేయరు సంచిలో పడేసుకుని బయల్దేరారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి భోజనం డబ్బా ఆయన ముందు పెట్టింది.

"ఇదేటే? పక్క వీదే కదా, మజ్జానానికి ఇంటికొచ్చెత్తాను."

"పనికెల్తన్నారు కదా" అంది అమ్మ. "పట్టుకెల్లండి."

నాన్న డబ్బా అందుకుని సంచిలో పెట్టుకున్నారు.