నల్లమూతి నెమరు వేయని రోజు

మా చిన్నప్పుడు... ఆ ఏడు వానల్లేవు. పెద్దమండ్యం దగ్గర మా ఊళ్లో బీళ్లన్నీ ఎండిపోయాయి. వేరుశెనగ కాయలు పెరికాక మిగిలిన ఎండు చెట్లను, అదే శెనక్కట్టెను, అమ్మ మరకు తీసుకెళ్లి మెత్తగా పొడి కొట్టించి తెచ్చింది. కట్టెగా వేస్తే గొర్రెలు ఆకు తిని కాడలు తొక్కేస్తాయి... పొడి అయితే ఏదీ వృథా కాదని.

మాకున్నవి ఐదు గొర్రెలు. అందులో నల్లమూతి చూడి గొర్రె... ఇంకో నెలలో ఈనుతుంది.

ఆ ఆదివారం అమ్మ మదనపల్లె టమోటా మార్కెట్‌కు కూలికి పోతూ, "ఒక్కోదానికి ఒక్క చాటెడే పెట్టు పాపా... అరిసినా ఇంగ పెట్టొద్దు" అని చెప్పి బస్సెక్కింది.

నాకప్పుడు పదేళ్లు. పొడి వేయగానే నల్లమూతి గబగబా తినేసి, నా వైపు చూసి అరిచింది. కడుపులో పిల్ల ఉంది కదా, పాపం ఆకలేమో అనుకున్నాను... తవుడు కలిపి ఇంకో చాట పెట్టాను. తర్వాత ఇంకోటి.

మధ్యాహ్నానికి అది ఓ మూల నిలబడిపోయింది. ఎడమ డొక్క ఉబ్బింది. పల్చగా పారుకుంటోంది... మిగతావన్నీ పడుకుని నెమరు వేస్తుంటే దీని దవడ మాత్రం కదల్లేదు. దాని ముందు కూర్చుని నేనే ఉత్తుత్తిగా నమిలి చూపించాను... అలాగైనా నమలుతుందేమోనని.

ఇంట్లో ఉన్న అవ్వ పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన డొక్క నొక్కి చూశాడు.

"ఎంత పెట్టినావమ్మా?"

"ఒక్క చాట సార్."

"నిజం జెప్పు. దాన్ని బట్టే మందు పొయ్యాల."

"మూడు సార్. తవుడు గూడా కలిపినా" అని ఏడ్చేశాను.

ఆయన తిట్టలేదు. మందు తాగించి అవ్వతో అన్నాడు. "పొడికి నమిలే పని ఉండదు గదమ్మా... జారిపోతాది. ఎక్కువ పెట్టేకొద్దీ అరక్కుండానే పోతాది. పొడుగు కట్టె పడితేనే నెమరుకొచ్చేది. రేపట్నుంచి కట్టెనే కొంచెం కొంచెం ఎయ్యండి."

"కడుపులో పిల్ల?" అంది అవ్వ.

"సూడాల."

సాయంత్రం దాకా నేను దాని పక్క నుంచి కదల్లేదు.

సాయంత్రం బస్సుకు అమ్మ వచ్చింది. అవ్వ చెప్పకముందే నేనే చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. చెప్పులు కూడా విప్పకుండా నల్లమూతి డొక్కకు చెవి ఆనించి కూర్చుంది. "తినిందంతా ఒంటికి పట్టదని నీకు ముందే జెప్పాల్సింది నేను" అంది మెల్లగా.

మర్నాడు పొద్దున కొట్టంలోకి భయంభయంగా వెళ్లాను. నల్లమూతి పడుకుని ఉంది. దాని గొంతులో ఏదో ఉండ పైకి కదిలింది... దవడ పక్కకు జరిగింది... కరకర... వెనకే వచ్చిన అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నెల తర్వాత పిల్ల పుట్టింది. బక్కగా ఉంది... కానీ లేచి నిలబడింది.

ఇప్పుడు మా ఊళ్లో గడ్డి కోసే మిషన్లు, బస్తాల్లో గుళికల దాణా వచ్చాయి. మా పిల్లలకు నెమరంటే పాఠంలో ఒక పదం... అంతే. ఒక మూగజీవి నోరు కదిపితే చాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులు ఎటు పోయాయో...

మీ ఇంట్లో ఏ జీవి మిమ్మల్ని అంత భయపెట్టింది? చెప్పండి... వినాలని ఉంది.