లోపలి కంప్యూటర్‌ను పడగొడుతున్నదెవరు?

కళ్లద్దాల లెన్సులు అరగదీసే ఆ వర్క్‌షాపులో ఆయన్ని ఎదురుగా బాబాయ్ అంటారు, వెనక డిటెక్టివ్ బాబాయ్ అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పేరు పెట్టిందెవరో కూడా తెలుసనే అనుకుంటాడు. అందుకే ప్యాకింగ్ చేసే పెద్దాయనతో నాలుగేళ్లుగా ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఆ పెద్దాయనకు పాపం కారణం తెలియదు, బాబాయికి చెవుడనుకుని ఇంకా గట్టిగా మాట్లాడుతుంటాడు.

ఇంట్లోనూ అదే వరస. తలుపు గడియ వేశాక మూడుసార్లు లాగి చూడాలి. పాలు కాస్త పలచగా ఉంటే పాలవాడు, కాస్త చిక్కగా ఉంటే ఇంకా పెద్ద అనుమానం. ఒకరోజు భార్య నవ్వుతూ అంది, "ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశాను. నన్నైనా నమ్మారో లేదో అడగాలంటే భయంగా ఉంది." ఆయన నవ్వలేదు. ఈవిడ ఇవాళే ఎందుకడిగింది అని రెండు రోజులు ఆలోచించాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

అయితే పనిలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు. డాక్టరు చీటీ మీద రాసే నంబర్లను లెన్సు వంపులుగా మార్చి మిషన్లకు పంపే ప్రోగ్రాం ఒకటుంది. పాతికేళ్ల నాటిది, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటర్లో అది నడవదు. అందుకని కొత్త కంప్యూటర్ లోపలే, ఒక కిటికీలో, పాత కంప్యూటర్‌ లాంటిదే ఇంకొకటి నడిపించే సాఫ్ట్‌వేర్ పెట్టారు. వర్చువల్ మెషిన్ అంటారు. బయటిది ఇంటి యజమాని అయితే లోపలిది అద్దెకున్న మనిషి. వర్క్‌షాపులో అందరికీ అది 'లోపలిది'. దాని బాగోగులు బాబాయివి. పదకొండేళ్లు కిక్కురుమనకుండా నడిచింది.

కొత్తమ్మాయి చేరిన రెండో వారం నుంచి అది పడిపోవడం మొదలైంది.

ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. లెన్సుల అంచులు సరిచూసే బల్ల ఆమెది, బాబాయి కుర్చీకి నాలుగడుగుల దూరం. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు యజమానురాలు మేడం. భర్త నడుముకు దెబ్బ తగిలి మంచంలో ఉన్నాడనీ, ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతేననీ ప్యాకింగ్ పెద్దాయన అందరికీ వినబడేలా చెప్పాడు. అడక్కుండానే కష్టాలు ఎందుకు చెప్పించుకుంటోంది అని బాబాయికి తోచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లోపలిది తెరిస్తే, కిందటిసారి సరిగా ఆగలేదంటూ నసుగుతుంది. డిస్కు తనిఖీ చేసుకుంటుంది. మూడింటికో నాలుగింటికో తెర నీలంగా మారి చచ్చూరుకుంటుంది. అప్పటిదాకా లెక్కగట్టిన లెన్సులన్నీ గంగపాలు. బాబాయి మెమరీ పెంచి చూశాడు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. యాంటీవైరస్ ఆపి చూశాడు. ఏం చేసినా రెండు రోజులు బాగుండి మూడోనాడు మళ్లీ అదే తంతు.

ఒకరోజు భోజనం నుంచి త్వరగా వచ్చేసరికి కొత్తమ్మాయి ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. తెర మీద లోపలిది నడుస్తోంది.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"తనిఖీ పెట్టాను సార్. పూర్తయ్యాక పద్ధతిగా ఆపితే సాయంత్రం పడిపోదేమోనని."

ఆ సాయంత్రం అది పడిపోలేదు. ఇంకెవరైనా అయితే సంతోషించేవాళ్లు. బాబాయి జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు: 'తను ముట్టుకున్నరోజు పడిపోలేదు. దొరక్కుండా జాగ్రత్త పడుతోంది.' మర్నాడే కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు. అప్పటినుంచి లోపలిది రోజూ పడిపోసాగింది. 'పాస్‌వర్డ్ పెట్టానని కక్ష' అని ఇంకో లైను రాశాడు. వేలికేస్తే కాలికి, కాలికేస్తే వేలికి అన్నట్టుంది ఆయన తర్కం. ఎటు తిప్పినా ఆమె దగ్గరికే వస్తుంది.

మూడు నెలలు నిండే రోజు పొద్దున్నే మేడం పిలిచి అడిగారు. "ఇవాళ్టితో ఆ అమ్మాయి గడువు అయిపోతుంది. ఉంచుకోమంటారా? రోజూ ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. కారణం ఆవిడేనని మీరు అంటున్నట్టు విన్నాను."

"రాసిస్తానండి," అన్నాడు బాబాయి. రాసిచ్చాడు. ఒక పేజీ, చక్కటి దస్తూరీ, తేదీలతో సహా.

కాగితం ఇచ్చి వచ్చాక, తేదీలతోపాటు టైములు కూడా ఉంటే ఇక తిరుగుండదనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ తనకు జరిగిందంతా లాగ్ అనే ఫైల్లో రాసుకుంటుంది. అది తెరిచి వెతికాడు. రోజూ ఒంటిగంట దాటిన రెండో నిమిషంలో ఒకే మాట: పవర్ ఆఫ్. నడుస్తున్నదాన్ని ఎవరో గొంతు నులిమినట్టు ఆపేస్తున్నారు, పాస్‌వర్డ్ ఉన్నా సరే! భోజనాల గంట ఒంటిగంటకు కొడతారు. గంట కొట్టగానే తను లేచిపోతాడని ఆయన నమ్మకం. ఎవరినీ నమ్మనివాడికి తన మీద తనకున్న నమ్మకం అంతటిది.

ఇవాళ రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలనుకున్నాడు. గంట కొట్టగానే లోపలిదాన్ని అలాగే నడుస్తూ ఎరగా వదిలేసి, పాస్‌వర్డ్ కూడా వేయకుండా, లెన్సు డబ్బాల రాక్ వెనక్కి వెళ్లి నక్కాడు. కడుపులో ఆకలి కరకరలాడుతోంది. సందులోంచి చూశాడు. కొత్తమ్మాయి భోజనానికి వెళ్లలేదు. సొరుగు తెరిచి తన కప్పు, స్కేలు, కళ్లద్దాలు తుడిచే గుడ్డ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంటోంది. ఆధారాలు మాయం చేస్తోందనుకున్నాడు. తర్వాత ఆమె బల్ల మీద తల వాల్చుకుంది. ముప్పావుగంట అలాగే ఉంది. ఆయన కుర్చీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

బాబాయి బయటికొచ్చి లాగ్ తెరిచాడు. ఇవాళ ఆ లైను లేదు. లోపలిది హాయిగా నడుస్తోంది.

రోజూ జరిగి ఇవాళ జరగనిది ఏమిటి? డిటెక్టివ్ బుర్ర కదా, ఆ ప్రశ్న తనే వేసుకుంది. జవాబు కూడా తనే చెప్పింది. పదకొండేళ్లూ భోజనానికి వెళ్లేటప్పుడు లోపలిదాన్ని నడుస్తూ వదిలేసేవాడు. కొత్తమ్మాయి వచ్చాక భయం పట్టుకుంది, ఎవరైనా కెలుకుతారేమోనని. లోపల పద్ధతిగా ఆపాలంటే అయిదు నిమిషాలు పడుతుంది, అవతల ఆకలి. అందుకని కిటికీ మీద ఇంటూ గుర్తు నొక్కి, అడిగిన మూడు దారుల్లో చివరిది ఎంచుకునేవాడు. కిటికీ మూయడమే అనుకున్నాడు గానీ, ఆ చివరిది నడుస్తున్న మిషన్‌కు కరెంటు పీకేయడంతో సమానం. రోజూ ఒంటిగంట దాటిన రెండో నిమిషంలో దాన్ని పడగొట్టింది ఆయన చెయ్యే.

డైరీ వెనక్కి తిప్పాడు. మొదటిసారి పడిపోయిన వారంలో తన దస్తూరీలోనే ఉంది: 'మధ్యాహ్నం మిషన్ ఎలా ఆపుతారు సార్ అని అడిగింది. ఆరా తీస్తోంది.'

మేడం గదికి పరిగెత్తాడు. "ఆ కాగితంలో రాసిందంతా తప్పండి. చేసింది నేను." చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. మేడం ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. "పన్నెండింటికే చెప్పేశానండీ, రేపటి నుంచి రావద్దని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఉండమనేది?"

"నేను అడుగుతాను. నేనే అడగాలి."

కొత్తమ్మాయి సంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గరుంది. బాబాయి ఆయాసపడుతూ జరిగింది చెప్పాడు.

"నాకు తెలుసు సార్," అందామె.

"తెలిసి చెప్పలేదేమమ్మా?"

"అడిగాను. మీరు డైరీ తీసి రాసుకున్నారు. తనిఖీ పెట్టాను. మళ్లీ రాసుకున్నారు. ఇంకోసారి నోరు తెరిస్తే ఇంకో లైను రాస్తారని ఊరుకున్నాను."

"ఉండిపోమ్మా. మేడంతో అన్నీ చెప్పేశాను."

"ఉంటాను. ఉండక ఏం చేస్తాను, ఇంట్లో పరిస్థితి మీకూ తెలుసు." ఆమె సంచి దించి మెట్టు మీద పెట్టింది. "నేను మీ బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా నా చేతుల వంక చూస్తారు సార్. నీళ్లు తాగడానికి లేచినా చూస్తారు. మూడు నెలలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చాను. అది మానుకోగలరా?"

మానుకుంటానమ్మా అనడానికి బాబాయి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే, ఈ మాట తన నోటితో ఎందుకు అనిపించాలని చూస్తోంది, రేపు మేడం దగ్గర వాడుకోవడానికా అన్న ఆలోచన తల్లోకి దూరింది. అది వచ్చినందుకు ఆయనకు ఒళ్లంతా సిగ్గు వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెలియదమ్మా," అన్నాడు.