ఆశీర్వాదం మామ తెగని ట్రయల్

బళ్ళారి దగ్గరి కుడతినిలో ఆశీర్వాదం మామ ఎదురుపడితే జనం ఆయన నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తారు. "డీజిలే మామా" అని ఒకరు, "పెట్రోలే మామా" అని ఇంకొకరు, ఆగకుండానే చెప్పి పోతారు. ఎందుకంటే ఆయన అడిగేది అదొక్కటే. ట్రాలీ లాగేదానికి పికప్ కొనాలంటే డీజిల్‌ది కొనాల్నా, పెట్రోల్‌ది కొనాల్నా? ఈ ప్రశ్న ఆయన్ని ఎప్పుడు పట్టుకునిందో ఎవరికీ గుర్తులేదు. పికప్ మాత్రం ఇంటికి రాలేదు. ఆయనకి ఉండేది ఒక పాత సైకిలు. ఇంకో సంగతి, లాగేదానికి ఆయన దగ్గర ట్రాలీ కూడా లేదు.

"అసలు ఏం లాగాల మామా నువ్వు?" అని ఎవరన్నా అడిగితే ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. "ముందు బండి రానీప్పా. లాగేదానికి ఏదో ఒకటి దొరక్కుండా పోతాదా?"

బళ్ళారి నుంచి వచ్చే జీన్స్ కట్టలు ఇంట్లో కుట్టడం ఆయన పని. ప్యాంటు ఒక కాలు కుట్టేటప్పుడు డీజిలే మంచిదనిపిస్తుంది. రెండో కాలు అయ్యేసరికి పెట్రోలు అనిపిస్తుంది. జిప్పు దగ్గరికొచ్చేసరికి రెండూ వద్దనిపించి మిషన్ ఆపి ఆలోచిస్తాడు.

ఒకసారి సంతలో ఆకుకూరలమ్మే ఉచ్చెంగమ్మని పట్టుకున్నాడు. "ఉచ్చెంగమ్మా, డీజిలా, పెట్రోలా?"

ఆమె కాసేపు గట్టిగానే ఆలోచించింది. "మా కాలంలో కిరసనాయిలే నాయనా. స్టవ్వు బాగా మండుతుండె. మెంతికూర ఇయ్యాల్నా?"

మామ మెంతికూర తీసుకుని ఆ దినమంతా కిరసనాయిలు గురించి ఆలోచించినాడు.

చర్చిలో ఇంకా కష్టం. ప్రార్థన అవసరాలు చెప్పమంటే ఒకరు మోకాళ్ళ నొప్పి, ఒకరు కొడుకు ఉద్యోగం చెప్తారు. మామ లేచి, "సరైన బండి చూపించమని ప్రార్థన చేయండయ్యా" అంటాడు.

పాస్టర్ గారికి అలవాటైపోయింది. "ఏ బండో చెప్తే ప్రార్థన సులభంగా ఉంటాది కదా ఆశీర్వాదం."

"అది తెలిస్తే ప్రార్థన ఎందుకయ్యా?"

ఆ చర్చిలోనే రెండో వరసలో కూర్చునే డెబోరాకి ఇవన్నీ వింటుంటే నవ్వొచ్చేది. ఆమెకి ఆ మధ్య నవ్వడానికి పెద్దగా కారణాలు లేవు. భర్త పోయినాక ఆమె ఒక టిఫిన్ ట్రాలీ చేయించుకునింది. థర్మల్ ప్లాంట్ గేటు దగ్గర పొద్దున షిఫ్టు మారేటప్పుడు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి అమ్ముతుంది. చక్రాలుండాయి గానీ ఇంజన్ లేదు. స్టవ్వు, గ్యాస్ సిలిండర్లు, నీళ్ళ డ్రమ్ము అన్నీ ఎక్కితే నలుగురు తోసినా కదలదు. ఊరికీ గేటుకీ మధ్య రైల్వే బ్రిడ్జి. ట్రాక్టరాయన ఒకాయన రోజూ బాడుగకి లాగేవాడు. ఆయన కాస్తా వరికోతలని ఎమ్మిగనూరు దిక్కు పోయి అక్కడే ఉండిపోయినాడు.

గేటు కాడ మంచి జాగా అంటే సామాన్యం కాదు. ట్రాలీ కొన్నాళ్ళు కనపడకపోతే ఇంకెవరో వచ్చి నిలబెట్టుకుంటారు. ఒక చాయ్ బండివాడు అప్పుడే ఆ జాగాని రోజూ చూసి చూసి పోతాండాడు.

సాయం చేసేవాళ్ళు లేక కాదు. సాయం తీసుకునే మనిషే లేదు. డెబోరా ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. ఎవరన్నా గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోదు, అంతకంటే ఎక్కువ కూరతో పోతుంది. భర్త పోయినప్పుడు సంఘమంతా తలా కొంత వేసి ఇస్తే, ఆమె ఆ మొత్తంతో చర్చికే ఫ్యాన్లు పెట్టించింది. ప్రతి ఆదివారం ఆ ఫ్యాన్ల కింద కూర్చునేవాళ్ళెవరికీ, "అమ్మా, మా బండి తీసుకో" అనే ధైర్యం రాలేదు.

అట్లాంటి ఒక పొద్దున ఇంటి ముందు పికప్ ఆగింది. ఆశీర్వాదం మామ దిగినాడు.

"పాపా, నాకొక సాయం కావాల."

"ఏంది మామా, ఇంత పొద్దున్నే?"

"డీజిల్ బండి ట్రయల్‌కి తెచ్చినా. సుమ్నే, ఊరికే ఖాళీగా తిప్పితే ఏం తెలుస్తాది? బరువు కట్టి లాగించాల. మా ఇంట్లో కుట్టుమిషన్ తప్ప బరువేం ఉండాది? నీ ట్రాలీ కొంచేపు ఇస్తావా?"

"నా ట్రాలీ గేటు కాడ ఉండాల మామా."

"అయితే గేటు దాకానే లాగుతా. యాడికైతే నాకేంది, బరువు బరువే."

డెబోరా ఆలోచించింది. సాయం అడుగుతాండేది ఆయన. చేసేది తను. దీంట్లో తప్పేముంది? "సరే. నిదానంగా పోవాల. చట్నీ ఒలికిందో, ట్రయలూ లేదు, గియలూ లేదు."

చట్నీ ఒలకలేదు. "ఎట్లుండాది మామా?" అని అడిగింది గేటు కాడ.

"లాగుడు బలే ఉండాది. బ్రిడ్జి ఎక్కేటప్పుడు కష్టమే తెలీలేదు. అయితే ఆ శబ్దం చూడు, పండుకున్నోళ్ళంతా లేచి కూర్చుంటారు. మధ్యాన్నం ఖాళీ ట్రాలీ కట్టి చూస్తా. రేపు పెట్రోల్ చూడాల."

మరుసటి రోజు పెట్రోల్ బండి వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు. బ్రిడ్జి కాడ మాత్రం ఫస్ట్ గేర్‌లో మూలిగి మూలిగి ఎక్కింది. "లాగుడు తక్కువే," అన్నాడు మామ, "కానీ ఎంత మర్యాదగా మూలుగుతాండాదో చూసినావా? ఇంకోసారి డీజిల్ చూడాల."

అట్లా మొదలైన ట్రయల్ తెగలేదు. ఒకరోజు డీజిల్, ఒకరోజు పెట్రోల్. వానలో ఎట్లా లాగుతుందో చూడాలని వానాకాలం, ఎండలో ఇంజన్ ఎంత వేడెక్కుతుందో చూడాలని ఎండాకాలం. పైగా వచ్చిన ప్రతి బండికీ సీటుకి జీన్స్ గుడ్డతో కవరు. కవరుకి వెనక జేబు కూడా.

"కొనకముందే సీటు కవరేంది మామా?"

"కూర్చుంటే ఎట్లుంటాదో తెలియాల కదా పాపా."

డెబోరాకి రాన్రానూ ఓపిక తగ్గింది. చూసినవాళ్ళకల్లా చెప్పింది. "ఎన్ని బండ్లు తెప్పిస్తాడు, ఎన్ని తిప్పి పంపిస్తాడు? ఆ బండ్లోళ్ళ ముందర నాకు సిగ్గవుతాది. నా ట్రాలీ లేకపోతే ఈయన ట్రయల్ ఏమవుతుండె?" విన్నవాళ్ళు ఆమె ముఖం చూడకుండా తల ఊపేవాళ్ళు. కొందరికి ఎందుకో అప్పుడే దగ్గొచ్చేది.

మామని పట్టుకుని అడిగేసింది కూడా. "ఏదో ఒకటి తేల్చు మామా."

"తొందరపడి కొంటే తర్వాత బాధపడాల పాపా."

ఇంతలో మామకి జ్వరం తగులుకునింది. లేవొద్దన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే డెబోరా మామ కోసం బాధపడింది. ఆ తర్వాత ట్రాలీ వైపు చూసి తన కోసం కూడా బాధపడింది. జాగా పోయినట్టే. చాయ్ బండివాడు రేపే వచ్చి దిగుతాడు.

తెల్లారేసరికి ఇంటి ముందు డీజిల్ బండి. దిగింది ఎమ్మిగనూరు హంపయ్య, వరి బస్తాలు తోలే ఆయన.

"ట్రయల్‌కి వచ్చినానమ్మా."

"ఎవరి ట్రయల్ హంపయ్యప్పా? కొనే మనిషి దుప్పటి కప్పుకుని పండుకున్నాడు కదా."

హంపయ్య మీసం గోక్కున్నాడు. "తను లేకున్నా ట్రయల్ నిలబడకూడదు అన్నాడమ్మా."

డెబోరా బండి లోపలికి చూసింది. జీన్స్ సీటు కవరు, జేబుతో సహా. బాగా వాడి వాడి రంగు వెలిసింది.

"ఈ బండి ఎప్పటినుంచి అమ్మకానికి పెట్టినావు?"

"అమ్మేదేంది తల్లీ, మా ఇంటి బండి కదా ఇది."

"మరి ట్రయల్?"

"అమ్మేదానికీ ట్రయల్‌కీ ఏం సంబంధం?" అని హంపయ్య గబగబా ట్రాలీ తగిలించడంలో మునిగిపోయినాడు.

మరుసటి రోజు పెట్రోల్ బండితో ఊళ్ళో ఉండే యల్లేష్ వచ్చినాడు. "ఈరోజు నా వంతక్కా" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ సీటుకీ జీన్స్ కవరే.

బ్రిడ్జి ఎక్కేదాకా డెబోరాకి కోపం. ఊరు ఊరంతా కలిసి తనని మోసం చేసింది. వంతులు వేసుకుని మరీ చేసింది. బ్రిడ్జి పైన, ఫస్ట్ గేర్‌లో, పెట్రోల్ బండి మూలుగుతాంటే ఆమెకి ఇంకోటి తట్టింది. తనకి సాయం చేస్తామంటే తలుపేసుకుంటుందని ఊరందరికీ తెలుసు. సాయం అడిగితే మాత్రం కాదనదని కనిపెట్టింది మామ ఒక్కడే. బ్రిడ్జి దిగేసరికి కోపం యాడ పోయిందో తెలీలేదు. గేటు కాడ ఆ రోజు బజ్జీలు కొంచెం పెద్దవే పడినాయి.

మధ్యాన్నం గంజి తీసుకుని మామ ఇంటికి పోయింది. మంచం మీద నుంచే అడిగినాడు. "ఈరోజు ఏది వచ్చింది పాపా?"

"పెట్రోలు."

"బ్రిడ్జి కాడ?"

"ఫస్ట్ గేరే." గంజి గిన్నె చేతికిచ్చింది. "నిజం చెప్పు మామా. నా ట్రాలీకి ఏది మంచిదో నీకు ఎప్పుడు తెలిసింది?"

మామ పైకప్పు చూసినాడు, కుట్టుమిషన్ చూసినాడు, గంజిలో స్పూను తిప్పినాడు. "ఆ బరువుకి డీజిలే. మొదటి రోజు బ్రిడ్జి ఎక్కేటప్పుడే తెలిసింది."

"మరి ఇన్నాళ్ళు?"

"మరి కొత్త డీజిల్ బండ్లు దగ్గర దగ్గరే తిరిగితే పొగ ఫిల్టరు పూడుకుంటాదంట. అది కూడా చూడాల కదా." అంటూనే ఆయన ముఖంలో నిజంగానే అనుమానం. "అట్లా చూస్తే పెట్రోలు కూడా..."

డెబోరా నవ్వు ఆపుకోలేకపోయింది. థాంక్స్ చెప్పాలని వచ్చింది గానీ చెప్పలేదు. చెప్తే ఆయన ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ట్రయల్ కాదని తేలిపోతుంది. ఇంత శ్రద్ధగా కట్టిన అబద్ధాన్ని విప్పడానికి మనసు రాలేదు.

ట్రయల్ పుణ్యమా అని ట్రాలీ యాపారం ఒక్కరోజు కూడా ఆగలేదు కాబట్టే బ్యాంకు లోన్ ఇచ్చింది. కొన్నాళ్ళకి డెబోరాకి సొంత పికప్ వచ్చింది. డీజిల్‌దే. ఫిల్టరు పూడుకోకుండా ఆదివారం చర్చి అయినాక బళ్ళారి రోడ్డులో దాన్ని చాలా దూరం పరిగెత్తిస్తుంది. బండి వచ్చిన రోజే సీటుకి కవరు వచ్చింది. ఈసారి రెండు జేబులు.

మరుసటి పొద్దున ఆ బండి ఆశీర్వాదం మామ ఇంటి ముందు ఆగింది.

"మామా, నాకొక సాయం కావాల."

"ఏంది పాపా, ఇంత పొద్దున్నే?"

"బండైతే కొన్నా గానీ సరైందో కాదో తెలీడం లేదు. నువ్వు పక్కన కూర్చుని ఇంజన్ శబ్దం వినాల."

మామ ఆమె ముఖంలోకి కొంచేపు చూసినాడు. చెప్పులేసుకుని ఎక్కినాడు. బ్రిడ్జి కాడ చెవి డాష్‌బోర్డుకి ఆనించి విన్నాడు. గేటు కాడ ఉగ్గాని, బజ్జి తిన్నాడు. డెబోరా కొన్ని బజ్జీలు పొట్లం కట్టి సీటు కవరు జేబులో పెట్టింది, ఆయన మధ్యాన్నానికి.

"ఏమంటావు మామా? సరైన బండేనా?"

మామ నోట్లో బజ్జి తీరిగ్గా నమిలి మింగినాడు. "ఒక్క దినంలో ఏం చెప్తాం పాపా. రేపు కూడా చూడాల."

"చూద్దాం మామా," అని డెబోరా ఇంకో బజ్జి వేసింది ఆయన ప్లేటులో. "తొందరేముంది."