బండికి కట్టిన తువ్వాల

సోమవారం పొద్దుగాల మా పెద్దబాపు పోయిండు. వికారాబాద్ దవాఖానల, మూతికి ఆక్సిజన్ పెట్టినా ఊపిరి అందక పోయిండు. ఏడుద్దామంటే నాకు ఏడుపు వస్తలేదు. కోపం వస్తున్నది. అందుకే రాస్తున్న.

పెద్దబాపు అంటే మా నాయిన అన్న. తాండూరుల బండలు కోసే ఫ్యాక్టరీ నుంచి వికారాబాద్‌ల కట్టే ఇండ్లకు తన పాత డీజిల్ వ్యాన్ల బండలు తోలెటోడు. మా నాయిన లేడు, నన్ను సాదింది ఆయనే, వ్యాన్ నడుపుడు నేర్పింది ఆయనే. ఆడపిల్లకు స్టీరింగ్ ఇస్తవా అని యాలాల్ ఊరి చుట్టాలు నవ్వితే, "మీ మీసాలతోటి నడుస్తదా బండి?" అన్నడు.

నీళ్లు పోసి కోస్తే బండల దుమ్ము లేవది. కాని ఆ ఫ్యాక్టరీ సేటు పొడిగనే కోయిస్తడు. లోడు ఎక్కేదాంక మా వ్యాన్ ఆ తెల్లదుమ్ములనే నిలబడేది. ఇంజన్‌లకు దుమ్ము పోవద్దని పెద్దబాపు గాలి గుంజే గొట్టానికి తన తువ్వాల చుట్టి, తీగతోటి బిగించిండు. అక్కడ మస్తుమంది బండ్లోళ్లు గట్లనే చేస్తరు.

"ముక్కుకు గుడ్డ కట్టిన, ఇగ ఫికర్ లేదు" అని మురిసిండు.

"మరి నీ ముక్కుకో?" అన్న.

"గుడ్డ కడితే నాకు ఊపిరాడది బిడ్డా."

అప్పటికే దగ్గు మొదలైంది. బువ్వ తినేకాడ దగ్గు, పండుకున్నా దగ్గు.

ఒక వానకాలం, లోడు మీద అనంతగిరి గుట్టల ఘాటు రోడ్డు ఎక్కుతుంటే బండి జోరు పడిపోయింది. ఎంత తొక్కినా కదలది, ఎనుక నల్లపొగ. దిగి చూస్తే ఇంజన్ కాడ సైలెన్సర్ పైపు ఎర్రగ కాలుతున్నది. సైలెన్సర్ల మసి పట్టిందన్నడు. మెకానిక్‌ను పిలిచి, విప్పి సాఫ్ చేయించినం. అయినా అంతే. డీజిల్ ఫిల్టర్ మార్చినం. అయినా అంతే. ఆఖరికి గాలి గొట్టం మీద చెయ్యి పెట్టి, "థూ! నేనే గొంతు పిసికిన దీనిది" అన్నడు. వానకు తడిసి, దుమ్ము పట్టి, ఆ తువ్వాల సిమెంటు పూసినట్టు గట్టిపడ్డది.

"గాలి లేక ఇంజన్‌కు తాగిన డీజిల్ అరుగుతలేదు. అందుకే గీ పొగ, గీ వేడి" అని తీగ తెంపిండు. లోపలి గాలి ఫిల్టర్ తీసి తొడకు కొట్టి దులిపిండు. దుమ్మంత ఆయన మొఖం మీదనే. బండి మాత్రం ఘాటు జబర్దస్త్‌గ ఎక్కింది.

నాకు సంబురమైంది. "ఇగ నువ్వు గూడ దవాఖానల చూపిచ్చుకో, లోడింగ్ కాడ ముక్కుకు దస్తీ కట్టుకో" అన్న. పకపక నవ్విండు. "బండికి కడితే ఏమైందో చూస్తివి గదా. ఇంజన్‌కే ఊపిరాడలే, నాకు ఆడుతదా?"

ఇగ ఎప్పుడడిగినా అదే మాట. హమాలీలకు గూడ గదే ముచ్చట చెప్పి నవ్వించిండు. వాళ్లు గూడ దస్తీలు విప్పేసిండ్రు. ఏం మనిషివి పెద్దబాపూ నువ్వు! తప్పు గుడ్డదా? ఉతకకుంట ఉంచినవ్, అది తప్పు. బండి మొరాయిస్తే ఒక్కొక్కటి విప్పి చూసినవ్. నీ ఛాతీల ఏమున్నదో ఒక్కనాడు చూపిచ్చుకోలే. పడిపోయినంక మేం ఎత్తుకపోతే, దుమ్ము పేరుకపోయింది, ఇగ చేసేదేం లేదన్నరు డాక్టర్లు.

సేటు దండ పట్టుకొని వచ్చిండు. శవం కాడ ఊదుబత్తీల పొగకు దస్తీ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నడు.

"మస్తు పనిమంతుడు తల్లీ" అన్నడు.

"ఊదుబత్తి పొగకే ఓర్వలేకపోతివి సేటూ! మా పెద్దబాపు నీ దుమ్ముల ఎట్ల నిలబడ్డడో ఎరుకనా? నీళ్లు పోసి కోయించుంటే నీదేం పోతుండె?" అన్న. మా పెద్దమ్మ నా చెయ్యి గుంజింది. సేటు దండ వేసి ఎల్లిపోయిండు.

నన్ను మనిషి లెక్క నిలబెట్టినందుకు ఆయన కాళ్లు మొక్కుత. మొండితనానికి మాత్రం మాఫీ లేదు.

నిన్న వ్యాన్ బయటికి తీసిన. ఖాళీ బండి తోటి ఘాటు ఎక్కిన. పొగ లేదు, వేడి లేదు. ఊపిరి మంచిగ తీస్తున్నది ముదనష్టపు బండి! పైన ఆపి, ముక్కుకు చున్నీ గట్టిగ కట్టుకొని, ఫిల్టర్ తీసి రాయికేసి కొట్టిన. కొట్టిన కొద్దీ తెల్లదుమ్ము రాలుతనే ఉన్నది.